మోక్షం, నిర్వాణం: రెండింటినీ కలగాపులగం చేయకుండా చదివి, సాధన మొదలుపెట్టడం ఎలా?

"మోక్షం, నిర్వాణం ఒకటేనా, వేరువేరా? ఏం చదవాలి? ఎలా కూర్చోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?" నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు ఇవి. అడిగేవారిలో కార్తిక మాసంలో పానగల్లులో దీపం వెలిగించి వచ్చినవారు ఉన్నారు, నాగార్జునసాగర్‌లో బుద్ధవనం అనే బౌద్ధ ఉద్యానవనం చూసి వచ్చిన విద్యార్థులు ఉన్నారు, ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకున్నవారూ ఉన్నారు. వారందరికీ పనికి వచ్చేలా ఆరు వారాల్లో పూర్తి చేయగల ఒక పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. సిద్ధాంతం ఆ పనికి అవసరమైనంత మాత్రమే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పాలి. రెండూ ఒకటేనని మొదటి రోజే తేల్చుకున్నవారు రెండింటిలో దేనినీ సరిగా నేర్చుకోలేరు. రెండింటికీ పొత్తే లేదని పట్టుబట్టినవారి పరిస్థితీ అంతే. తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపగలిగేంతవరకు రెండు దారులనూ విడివిడిగా ఉంచడమే ఈ పద్ధతిలో ప్రధానమైన నియమం.

కావలసినవి

రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి. ప్రతిపదార్థంతో ఉన్న భగవద్గీత; అందులోని తాత్పర్యం ఎవరి భాష్యాన్ని అనుసరించినదో పుస్తకంలోనే రాసి ఉండాలి. కఠోపనిషత్తు తెలుగు అర్థంతో. బుద్ధుని ప్రవచనాల్లో ధమ్మచక్కప్పవత్తన, అనత్తలక్ఖణ, అలగద్దూపమ సుత్తాల తెలుగు అనువాదం. కూర్చోవడానికి ఒక జంపఖానా లేదా కుర్చీ. రోజుకు నలభై నిమిషాలు: ఇరవై నిమిషాలు చదవడానికి, ఇరవై కూర్చోవడానికి. వీటన్నిటికంటే ముఖ్యంగా, మీ ప్రవర్తన గురించి మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి.

ఖరీదైన మాలలు, ప్రత్యేకమైన దుస్తులు, విగ్రహాలు అవసరం లేదు. మీ ఇలవేల్పును మార్చుకోవలసిన పని అసలే లేదు.

1. ఎందుకు కావాలో ముందు రాసుకోండి

నోటు పుస్తకం మొదటి పేజీలో "నాకు ఇది ఎందుకు కావాలి?" అని రాసి, దాని కింద నిజాయితీగా నాలుగు వాక్యాలు రాయండి. వాడపల్లిలో మూసీ, కృష్ణ కలిసే చోట అస్థికలు కలిపి వచ్చి, పోయినవారికి ముక్తి కలిగిందా అని అడిగేవారు చాలామంది ఉంటారు. ఆ బాధ నిజమైనది, కానీ ఆ ప్రశ్న పితృకర్మలకు సంబంధించినది. దానిని మీ పురోహితుడినో కులపెద్దలనో అడగండి. ఈ పద్ధతి, బతికి ఉండగానే తన బంధాన్ని తాను తెలుసుకోవాలనుకునేవారి కోసం.

హెచ్చరిక: ఇంట్లో మరణం జరిగి ఎక్కువ రోజులు కాకపోయినా, నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉన్నా, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నా, ముందు వైద్యుడిని కలవండి. అలాంటి స్థితిలో ఒంటరిగా, మౌనంగా ఎక్కువసేపు కూర్చోవడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. అప్పటిదాకా చదువు భాగాన్ని మాత్రమే చేయండి.

2. నాలుగు ప్రశ్నల పట్టిక గీయండి

మొత్తం పనిలో ఇదే అన్నిటికంటే బరువైన దశ, దీనికి తొందరపడవద్దు. ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలను తెరిచి, ఎడమ పక్క నాలుగు ప్రశ్నలు రాయండి: బంధం అంటే ఏమిటి? బంధంలో ఉన్నది ఎవరు? అది దేనితో తెగుతుంది? తెగిన తరువాత ఏముంటుంది? ఇప్పుడు "హిందూ", "బౌద్ధ" అని రెండే గడులు గీస్తే మొదటి తప్పు జరిగినట్లే. హిందూ సంప్రదాయంలో ఈ ప్రశ్నలకు ఒకే జవాబు లేదు కనుక, కనీసం అద్వైతానికి ఒకటి, విశిష్టాద్వైతానికి ఒకటి, బౌద్ధానికి ఒకటి చొప్పున మూడు గడులు కావాలి.

అద్వైతం గడిలో ఇలా వస్తుంది. బంధం అవిద్య, అంటే ఆత్మ మీద దేహాన్ని, మనసును ఆరోపించుకుని అదే నేననుకోవడం. బంధంలో ఉన్నట్లు కనిపించే జీవుడు నిజానికి బ్రహ్మమే. దానిని తెంచేది జ్ఞానం ఒక్కటే. కర్మ, ఉపాసన మనసును శుద్ధి చేసి ఆ జ్ఞానానికి అర్హత కలిగిస్తాయి. తెగిన తరువాత కొత్తగా వచ్చేది ఏమీ లేదు, ఎప్పుడూ ఉన్నదే ఉంటుంది. శరీరం ఉండగానే ఆ స్థితి కలిగితే జీవన్ముక్తి అంటారు.

విశిష్టాద్వైతం గడి వేరు. జీవుడు నిజంగానే ఉన్నాడు, నిజంగానే కర్మచేత బద్ధుడై ఉన్నాడు, భగవంతునికి శరీరంలాంటివాడు. భక్తి, ప్రపత్తి (భగవంతుని పూర్తిగా శరణు వేడడం) అతనికి దారి. ముక్తి పొందిన తరువాత కూడా జీవుడు కరిగిపోడు. వైకుంఠంలో భగవంతుని సేవలో ఆనందిస్తాడు. యాదగిరిగుట్టకో, మన్యంకొండకో తరతరాలుగా వెళ్తున్న వైష్ణవ కుటుంబాల్లో పెద్దలు "స్వామి పాదాల దగ్గరికి చేరాడు" అన్నప్పుడు, ఆ మాట వెనక ఉన్నది ఈ సిద్ధాంతమే తప్ప అద్వైతం కాదు. ద్వైతం కూడా తెలిసినవారు మరొక గడి గీసుకోవచ్చు. అక్కడ జీవుడికీ ఈశ్వరుడికీ భేదం ఎప్పటికీ పోదు.

బౌద్ధం గడిలో బంధం తృష్ణ, దానికి మూలం అవిద్య. బంధంలో ఉన్నది ఎవరనే రెండో ప్రశ్న దగ్గర జాగ్రత్త అవసరం. రూపం (శరీరం), వేదన (సుఖదుఃఖాల అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసులోని ప్రేరణలు), విజ్ఞానం (ఎరుక) అనే ఐదు స్కంధాలలో, అంటే మనిషిగా కూడిన ఐదు భాగాలలో, దేనినీ "ఇది నేను, ఇది నా ఆత్మ" అని చెప్పలేమని బుద్ధుడు అన్నాడు. తెంచేది సరైన దృష్టితో మొదలై సరైన సమాధి వరకు ఎనిమిది అంగాలున్న అష్టాంగ మార్గం. తెగినప్పుడు ఉండేది రాగ, ద్వేష, మోహాల క్షయం. దానినే నిర్వాణం అంటారు.

పట్టిక పూర్తయిన తరువాత అడ్డంగా చదివి చూడండి. మొదటి ప్రశ్న దగ్గర అద్వైతం, బౌద్ధం చాలా దగ్గరగా నిలుస్తాయి; రెండో ప్రశ్న దగ్గరే విడిపోతాయి. ఈ తేడా బుర్రకెక్కకపోతే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని గుర్తు చేసుకోండి. అక్కడి మూడు గర్భగుళ్లలో ఒకదానిలో పగలంతా ఒకే చోట నిలిచి ఉండే నీడ కనిపిస్తుంది. ఆ నీడను చూపించి వేదాంతి "ఇది ఏ వెలుగు వల్ల తెలుస్తున్నది?" అని అడుగుతాడు, బౌద్ధుడు "ఇది ఏయే కారణాలు కూడితే ఏర్పడింది, వాటిలో ఏది తీసేస్తే పోతుంది?" అని అడుగుతాడు. ఇద్దరూ నీడను పట్టుకోవద్దనే చెబుతారు, కానీ ఇద్దరి వెతుకులాట ఒకటి కాదు.

సరిచూసుకోవడం: పుస్తకం మూసి, మూడు గడులనూ మీ ఇంట్లో ఒకరికి అయిదు నిమిషాల్లో చెప్పండి. మధ్యలో "మొత్తానికి అన్నీ ఒకటే" అనే మాట మీ నోట వచ్చిందంటే, ఏ గడి దగ్గర వచ్చిందో చూసి, ఆ భాగాన్ని మళ్లీ చదవండి.

3. కొద్దిగా చదవండి, విడివిడిగా చదవండి

మొదటి మూడు వారాలు ఒక వైపు, తరువాతి మూడు వారాలు రెండో వైపు. ఒకే రోజున రెండింటినీ చదవకండి.

వేదాంతం వైపు గీత రెండో అధ్యాయంలో 54 నుంచి 72 వరకు ఉన్న స్థితప్రజ్ఞ (చలించని బుద్ధి గలవాడి) లక్షణాలతో మొదలుపెట్టండి. తరువాత ఆరో అధ్యాయంలో 10 నుంచి 32 వరకు, పద్నాలుగో అధ్యాయంలో గుణాలను దాటినవాడిని గురించి చెప్పిన 21 నుంచి 26 వరకు చదవండి. ఆపైన కఠోపనిషత్తులో యముడు నచికేతునికి శ్రేయస్సు, ప్రేయస్సు అనే రెండు దారులను చూపించే భాగం సరిపోతుంది. మొత్తం 700 శ్లోకాలనూ ఆరు వారాల్లో లాగించాలని ప్రయత్నించకండి.

బౌద్ధం వైపు, సారనాథ్‌లో అయిదుగురు శిష్యులకు బుద్ధుడు చెప్పిన మొదటి రెండు ప్రవచనాలు, అంటే ధమ్మచక్కప్పవత్తన, అనత్తలక్ఖణ సుత్తాలు, ముందు చదవండి. మొదటి దానిలో నాలుగు ఆర్య సత్యాలు, రెండో దానిలో అనాత్మ (స్కంధాలలో ఏదీ ఆత్మ కాదనే బోధ) ఉంటాయి. అలగద్దూపమ సుత్తాన్ని చివర పెట్టుకోండి. ఏరు దాటడానికి కట్టుకున్న తెప్పను దాటిన తరువాత నెత్తిన మోసుకుపోవద్దని, ధర్మాన్ని కూడా అలాగే వాడుకోవాలని బుద్ధుడు అందులోనే చెప్పాడు.

చదివిన ప్రతిరోజూ అయిదు వాక్యాలు మీ సొంత మాటల్లో రాయండి. పుస్తకంలోని వాక్యమే మళ్లీ వస్తున్నదంటే విషయం ఇంకా మీది కాలేదు. చదవడం రానివారు, కళ్లు సరిగా కనిపించనివారు ఇంట్లో పిల్లలచేత చదివించుకుని, అయిదు మాటలు తిరిగి చెప్పినా సరిపోతుంది.

4. నడవడికను ముందు కట్టుదిట్టం చేసుకోండి

దీనిని వదిలేసి నేరుగా ధ్యానంలోకి దూకడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన అయిదు యమాలు (నియమించుకోవలసిన నడవడి) అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం). బౌద్ధుల పంచశీలాల్లో మొదటి నాలుగు వీటికి దగ్గరగానే ఉంటాయి. గృహస్థుడికి మాత్రం బ్రహ్మచర్యానికి బదులు పరస్త్రీ, పరపురుష సంబంధాలు మానడాన్ని చెప్పారు. అయిదోది మత్తు పదార్థాలు మానడం.

మన వైపు దావతుల్లో, పండుగల్లో కల్లు, మందు మామూలు కనుక ఈ అయిదో శీలం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆరు వారాలపాటు పూర్తిగా మానండి. అది కుదరదనుకుంటే కనీసం సాధనకు కూర్చునే రోజులన్నీ మత్తు లేకుండా ఉండేలా చూసుకోండి. తాగిన రోజున కూర్చోకండి, కానీ కూర్చోలేదని నోటు పుస్తకంలో రాయండి.

5. కూర్చోండి

మన ఎండలకు తెల్లవారుజామున అయిదు గంటల లోపే అనువైన సమయం. భోజనం చేసిన వెంటనే కూర్చోవద్దు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, పాదాలు నేలకు ఆనించి కూర్చోవచ్చు. పద్మాసనం వేయలేకపోవడం అనర్హత కాదు. ఫోన్‌లో ఇరవై నిమిషాలకు గంట పెట్టి, మిగతా చప్పుళ్లన్నీ ఆపేయండి.

మొదటి పది నిమిషాలు ఏ వైపు సాధనకైనా ఒకటే. ముక్కు పుటాల దగ్గర గాలి లోపలికి రావడాన్ని, బయటికి పోవడాన్ని గమనించండి. శ్వాసను పొడిగించవద్దు, బిగబట్టవద్దు. మనసు ఇంటి అప్పు మీదికో, పొలం మీదికో వెళ్లిందని తెలిసిన క్షణంలో మళ్లీ శ్వాస దగ్గరికి రండి. అలా వంద సార్లు వచ్చినా అది వైఫల్యం కాదు. రావడమే ఆ పది నిమిషాల పని.

తరువాతి పది నిమిషాల్లో తేడా వస్తుంది. వేదాంతం వారాల్లో, కాలి తిమ్మిరి, చప్పుడు, ఆలోచన, ఏది తెలిసినా "ఇది నాకు తెలుస్తున్నది కనుక ఇది నేను కాదు" అని గుర్తించి, ఆ తెలియడం దగ్గర నిలవండి. బౌద్ధం వారాల్లో, అదే తిమ్మిరిని "పుట్టింది, ఉంది, మారుతున్నది, పోయింది" అని చూడండి; చూసేవాడొకడు వేరుగా ఉన్నాడనే ఊహను పెంచుకోకండి. రెండు చూపులనూ ఒకే బైఠకులో కలపకండి. కలిపినవారికి కొన్నాళ్లకు రెండూ మాటలుగానే మిగులుతాయి.

విచారణ చేయడం కష్టంగా ఉన్నవారు వేదాంతం వారాల్లో తమ ఇంట్లో వచ్చే నామాన్నే, అది నరసింహ నామమైనా శివ పంచాక్షరి అయినా, మనసులో మెల్లగా జపించవచ్చు. కుంభకంతో (శ్వాస బిగబట్టడంతో) కూడిన ప్రాణాయామాన్ని మాత్రం పుస్తకాలు చూసి చేయకండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదకరం.

కూర్చున్నప్పుడు వచ్చే అడ్డంకులను రెండు సంప్రదాయాలూ పేర్లతో సహా లెక్కగట్టాయి. బౌద్ధంలో అవి అయిదు: కోరిక, పగ, మాంద్యం-నిద్ర, అలజడి-పశ్చాత్తాపం, సందేహం. మాండూక్యోపనిషత్తు మీద గౌడపాదుడు రాసిన కారికలను అనుసరించే వేదాంతులు నాలుగు చెబుతారు: మనసు నిద్రలోకి జారే లయం, చెదిరే విక్షేపం, లోపలి వాసనలతో మొద్దుబారే కషాయం, కలిగిన ఆనందాన్ని చప్పరిస్తూ అక్కడే ఆగిపోయే రసాస్వాదం. ఈ నాలుగోదాని గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే పాఠకులు ఎక్కువగా రాసేది దాని గురించే: వెలుగు కనిపించిందని, శరీరం తేలిపోయిందని, ఆ హాయి మళ్లీ రావడం లేదని. రెండు దారుల్లోనూ అది గమ్యం కాదు. వచ్చినప్పుడు గమనించండి, పోయినప్పుడు వెతకకండి, ఎవరికీ చెప్పుకోకండి.

6. ఒక రోజు వెళ్లి కళ్లతో చూసి రండి

రెండు వైపులా మారే మూడో వారం చివర ఈ ప్రయాణం పెట్టుకోండి. నాగార్జునకొండ ఇప్పుడు జలాశయం మధ్యలో ద్వీపం. లోయ డ్యాము నీటిలో మునిగిపోకముందే అక్కడ 1954 నుంచి తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికి తరలించి మళ్లీ నిలబెట్టారు. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది.

అక్కడ మీరు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది ఒక కుటుంబాన్ని. రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధ యాగాలు చేసినవాడు, కార్తికేయుని భక్తుడు. అతని చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి (అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి) స్తంభాలు నిలిపింది. ఇహపరాల్లో తనవారందరికీ హితసుఖాలు కలగాలని, తనకు నిర్వాణ సంపద దక్కాలని ఆమె వాటి మీద చెక్కించింది. అన్న యాగశాలలో ఉంటే చెల్లెలు చైత్యం దగ్గర నిర్వాణాన్ని కోరింది. ఎవరూ ఎవరి దారినీ తమ దారిలో కలిపేసుకోలేదు, ఇల్లూ విడిపోలేదు. మీ నోటు పుస్తకంలోని గడులు పక్కపక్కనే, కానీ విడిగా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే మంచి ఆధారం మన నేల మీద మరొకటి నాకు కనిపించదు. మహాచైత్యం వద్ద నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన ఆయక వేదికల మీద అయిదేసి స్తంభాలు నిలిపేవారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం (ఇల్లు విడవడం), సంబోధి (జ్ఞానోదయం), తొలి ప్రవచనం, పరినిర్వాణం (దేహత్యాగం) అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు.

లాంచీలు గాలికీ, నీటిమట్టానికీ ఆగిపోతుంటాయి కనుక బయలుదేరే ముందు అడిగి తెలుసుకోండి. ద్వీపం మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ లేకపోతే నల్గొండ జిల్లా వైపే ఉన్న బుద్ధవనం చూడండి. అది 2022లో ప్రారంభమైంది, 274 ఎకరాల్లో ఉంది. సూర్యాపేట వైపువారికి ఫణిగిరి గుట్ట దగ్గర. అక్కడ దొరికిన శిల్పాల్లో సిద్ధార్థుడు తీసివేసిన తలపాగాను దేవతలు పూజించే ఘట్టం ఉంది. రాజ్యాన్ని వదిలినవాడి గుర్తుగా ఒక తలపాగా మాత్రమే కనిపిస్తుంది. శిల్పాలు చాలావరకు హైదరాబాద్ మ్యూజియానికి చేరాయి. గుట్ట మీద నీడ తక్కువ, నీళ్లు వెంట తీసుకుపోండి. ఇటుక ముక్కనైనా గుర్తుగా తెచ్చుకోకండి. పాలమూరు వైపువారు అలంపురం నవబ్రహ్మ ఆలయాల దగ్గర ఒక పూట గడపవచ్చు, కానీ అది శైవం వైపు చదువుకు మాత్రమే పనికి వస్తుంది.

7. తరచుగా జరిగే పొరపాట్లను దిద్దుకోండి

స్వర్గాన్ని మోక్షం అనుకోవడం మొదటిది. పుణ్యం తరిగిపోగానే మళ్లీ మర్త్యలోకానికి రావలసిందేనని గీత తొమ్మిదో అధ్యాయంలో, బ్రహ్మలోకం వరకు అన్ని లోకాలూ తిరిగి వచ్చేవేనని ఎనిమిదో అధ్యాయంలో ఉంది. బౌద్ధంలోనూ దేవతలకు చావు తప్పదు.

నిర్వాణం అంటే శూన్యమైపోవడం, చచ్చిపోవడం అనుకోవడం రెండోది. వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడు (దేశాటన చేసే సన్యాసి) ముక్తుడు ఎక్కడ పుడతాడని అడిగితే, ఆరిపోయిన మంట తూర్పుకు పోయిందా పడమరకు పోయిందా అని బుద్ధుడు ఎదురు ప్రశ్న వేశాడు. ఉన్నాడు, లేడు అనే రెండు జవాబులూ అక్కడ పొసగవని దాని భావం. పైగా బుద్ధుడు నిర్వాణం పొందిన తరువాత నలభై అయిదేళ్లు బోధిస్తూ నడిచాడు.

"బుద్ధుడు విష్ణువు అవతారమే కదా" అని చర్చను ముగించడం మూడోది. దశావతారాల్లో బుద్ధుడిని చెప్పే పురాణ సంప్రదాయం ఉంది; బౌద్ధులు దానిని అంగీకరించరు. రెండు విషయాలనూ వాటి వాటి గడుల్లో రాసుకుంటే సరిపోతుంది.

నాలుగోది ఇంటి బాధ్యతలను వదిలేయడం. "అంతా మాయ" అంటూ పిల్లల ఫీజు కట్టనివాడిని ఏ గ్రంథమూ సమర్థించదు.

8. ఫలితాన్ని ఇంట్లోనే సరిచూడండి

ఆరు వారాలు పూర్తయ్యాక మీ అనుభూతులను పక్కన పెట్టి, మీ నడతను చూడండి. నాటు పడిన వారానికే బోరు మోటారు కాలిపోయిందనుకోండి. కోపం రావడం సహజం. అది ఎంతసేపు నిలిచింది, ఎవరి మీదికి పోయింది, మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు గొంతు ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా అన్నది మీరు రాయవలసిన విషయం. అదే ప్రశ్నను, మొదట్లో చెప్పిన ఇంటి మనిషిని అడిగి, వారు చెప్పింది వారి మాటల్లోనే రాయండి. మీ జవాబుకూ వారి జవాబుకూ తేడా ఉంటే వారిదే లెక్కలోకి తీసుకోండి.

కొలబద్దలు గ్రంథాల్లోనే ఉన్నాయి. సుఖదుఃఖాలకు, నిందాస్తుతులకు సమంగా ఉండేవాడు గుణాలను దాటినవాడని గీత పద్నాలుగో అధ్యాయం చెబుతుంది. బౌద్ధంలో మొదటి మెట్టయిన స్రోతాపన్నుడికి మూడు సంకెళ్లు తెగుతాయి: దేహాదులను ఆత్మగా చూసే దృష్టి, సందేహం, కేవలం వ్రతాలు, తంతుల వల్లే శుద్ధి కలుగుతుందని పట్టుకోవడం. ఆరు వారాల్లో ఇవి తెగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏది ఎంత గట్టిగా ఉందో తెలిస్తే ఈ విడతకు అది పూర్తి ఫలితమే.

9. గురువు దగ్గరికి వెళ్లండి

ఇప్పుడు ఏ వైపు మీ మనసు నిలుస్తున్నదో మీకు తెలుస్తుంది. వేదాంతమైతే, ఒక గ్రంథాన్ని మొదటి నుంచి చివరి వరకు వరుసగా పాఠం చెప్పేవారిని వెతకండి. ఒక్క రోజులో సాక్షాత్కారం ఇప్పిస్తామని రుసుము అడిగేవారిని వదిలేయండి. బౌద్ధ సాధనైతే, నాగార్జునసాగర్‌లోనే విపశ్యన (బౌద్ధ ధ్యాన పద్ధతి) కేంద్రం ఉంది. పది రోజుల శిబిరానికి రుసుము ఉండదు, పూర్తి చేసినవారు ఇష్టమైతే దానం ఇస్తారు. దరఖాస్తులో మీ ఆరోగ్య వివరాలను, వాడుతున్న మందులను దాచకుండా రాయండి. మధ్యలో వదిలి రావడానికి వీల్లేదు కనుక పొలం పనులు, పిల్లల పరీక్షలు లేని రోజులు చూసుకోండి. ఆ పది రోజులూ చదవడానికి, రాయడానికి అనుమతి ఉండదు. పట్టిక రాసుకున్న నోటు పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్లండి.